కౌంటీ డార్ట్స్: బ్రిటన్‌లో పురుషుల, మహిళల ప్రాంతీయ పోటీ

కౌంటీ డార్ట్స్ అనేది బ్రిటన్‌లోని కౌంటీలు, ప్రాంతాలు తమ పురుషుల, మహిళల జట్లతో ఏటా ఆడే లీగ్ పోటీ. 1973లో ఏర్పడిన బ్రిటిష్ డార్ట్స్ ఆర్గనైజేషన్ (బీడీఓ) దీన్ని దాదాపు అర్ధ శతాబ్దం నడిపింది. 2020 నుంచి యునైటెడ్ కింగ్‌డమ్ డార్ట్స్ అసోసియేషన్ చేతిలో ఉంది. డార్ట్స్ ప్రధానంగా వ్యక్తిగత క్రీడ. ఇక్కడ మాత్రం ప్రతి క్రీడాకారుడూ, క్రీడాకారిణీ ఒంటరిగా ఆడి గెలిచిన మ్యాచ్ కౌంటీ ఖాతాలోకి చేరుతుంది. పురుషుల గెలుపుకూ మహిళల గెలుపుకూ ఒకే విలువ ఉండటం, రెండూ ఒకే మొత్తంలో కలవడం ఈ పోటీకి ఉన్న ప్రత్యేక లక్షణం.

పరిధి

ఇంగ్లండ్‌లో కౌంటీ అనేది మన జిల్లాకు దగ్గరగా ఉండే విభాగం. క్రికెట్‌లో రంజీ ట్రోఫీకి రాష్ట్ర జట్లు ఆడినట్టే డార్ట్స్‌లో యార్క్‌షైర్, లాంకషైర్, డర్హమ్, కెంట్, ఎసెక్స్, స్టాఫర్డ్‌షైర్, వారిక్‌షైర్, డెవన్, కార్న్‌వాల్ వంటి కౌంటీలు జట్లను దింపుతాయి. వేల్స్ నుంచి గ్లామోర్గన్, గ్వెంట్ ప్రాంతాలు, స్కాట్లండ్ నుంచి లోథియన్, టేసైడ్ ప్రాంతాలు కూడా ఈ వ్యవస్థలో ఆడాయి. అందువల్ల పేరులో కౌంటీ ఉన్నా ఇది ఇంగ్లండ్‌కే పరిమితమైన పోటీ కాదు.

చరిత్ర

పబ్బు గోడ నుంచి పోటీ వేదికకు

డార్ట్స్ ఇంగ్లండ్ పబ్బుల్లో పెరిగిన ఆట. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో దీన్ని అదృష్టం మీద ఆధారపడిన జూదంగా చూసే అధికారులూ ఉండేవారు. 1908లో లీడ్స్ న్యాయస్థానంలో ఒక పబ్బు యజమాని బోర్డు పెట్టించి, ఇది నైపుణ్యపు ఆటేనని బాణాలు విసిరి నిరూపించాడన్న కథ ప్రచారంలో ఉంది. అయితే దాన్ని కథగానే చూడాలి. 1939లో కూడా గ్లాస్గో, లివర్‌పూల్ అధికారులు పబ్బుల్లో డార్ట్స్‌ను నిషేధించారు. ఒకవైపు ఇటువంటి అనుమానం కొనసాగుతుండగానే మరోవైపు ఆట సంఘాలుగా కూడింది. 1920ల మధ్యలో జాతీయ డార్ట్స్ సంఘం ఏర్పడి నియమాలను క్రోడీకరించడం మొదలుపెట్టింది.

ప్రాంతానికో బోర్డు

ప్రాంతీయ పోటీల చరిత్రలో అన్నిటికంటే తక్కువ గుర్తింపు పొందినవి పాత బోర్డులు. ఇప్పుడు ప్రపంచమంతటా కనిపించే 20 అంకెల బోర్డు ఒకప్పుడు అనేక రకాల్లో ఒకటి మాత్రమే. యార్క్‌షైర్ బోర్డులో ట్రెబుల్ వలయం (అంకెకు మూడింతలు పాయింట్లిచ్చే వలయం) ఉండదు. కెంట్‌లో కూడా ట్రెబుల్ లేని బోర్డే వాడుకలో ఉండేది. మాంచెస్టర్‌ది చిన్న బోర్డు. దాని పైభాగాన 20 బదులు 4 ఉంటుంది, అంకెల వరస పూర్తిగా వేరు. చెట్టు మొద్దును అడ్డంగా కోసి చేసిన ఆ బోర్డు ఎండి పగలకుండా నీళ్లలో నానబెట్టేవారు. తూర్పు లండన్‌లో వాడిన ‘ఫైవ్స్’ బోర్డుకు 12 గళ్లే ఉంటాయి, వాటిలో 5, 10, 15, 20 అంకెలే తిరిగి తిరిగి వస్తాయి. గ్రిమ్స్‌బీ బోర్డులో 28 అంకెలు ఉంటాయి.

ఇన్ని రకాలుండగా ఒక ప్రాంతపు మేటి ఆటగాడిని మరో ప్రాంతపు మేటితో పోల్చడం సాధ్యపడేది కాదు. పెద్ద పోటీలు ట్రెబుల్ వలయం ఉన్న బోర్డును ఎంచుకోవడంతో అదే ప్రమాణంగా స్థిరపడింది. అంతర కౌంటీ పోటీ సాధ్యమైంది ఈ ఏకరూపత వల్లే. దాని వెల కూడా తక్కువది కాదు: మిగిలిన బోర్డులు కొన్ని చోట్ల స్థానిక లీగులకు కుదించుకుపోయాయి, ఎన్నో చోట్ల గోడల మీద నుంచి పూర్తిగా దిగిపోయాయి.

న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పోటీ

‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ వారపత్రిక 1927–28లో లండన్ ప్రాంతానికి పరిమితంగా ఒక వ్యక్తిగత పోటీని ప్రారంభించింది. 1930ల్లో అది ఇతర ప్రాంతాలకు విస్తరించింది. అప్పట్లో ప్రతి ప్రాంతానికీ వేరు విజేత ఉండేవాడు, దేశ విజేత ఉండేవాడు కాదు. 1939లో లండన్‌లోని రాయల్ అగ్రికల్చరల్ హాలులో జరిగిన ప్రాంతీయ తుది పోటీకి 14 వేల మందికి పైగా ప్రేక్షకులు వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆగిన పోటీ 1947–48లో జాతీయ స్థాయిలో తిరిగి మొదలైంది. 1948లో హ్యారీ లెడ్‌బెటర్ తొలి జాతీయ విజేత అయ్యాడు. ఈ పోటీది గెలుపు ఓటములు త్వరగా తేలిపోయే పద్ధతి. ఒక్కరోజు చేయి వణికితే ఏడాది శ్రమ పోయేది. ఏడాది పొడవునా నిలకడను పరీక్షించే లీగ్ లోటు అలాగే ఉండిపోయింది.

బీడీఓ ఆధ్వర్యం

1973 జనవరి 7న లండన్‌లోని మజ్వెల్ హిల్‌లో ఉన్న తన ఇంట్లో ఆలీ క్రాఫ్ట్ కొందరితో కలిసి బీడీఓను స్థాపించాడు. కౌంటీలే సంస్థకు సభ్యులు. అంటే అంతర కౌంటీ పోటీ బీడీఓ నడిపిన అనేక కార్యక్రమాల్లో ఒకటి కాదు, సంస్థ నిర్మాణానికే పునాది. 1978లో నాటింగ్‌హామ్‌లో ఇదే సంస్థ తొలి ప్రపంచ వృత్తి చాంపియన్‌షిప్‌ను నిర్వహించింది. దక్షిణ వేల్స్‌లోని ఎనిసిబూల్ గ్రామానికి చెందిన లేటన్ రీస్ విజేత. ఆ దశాబ్దంలోనే టెలివిజన్ ప్రసారాలు పెరగడంతో డార్ట్స్ ఆటగాళ్లు ఇంటింటా తెలిసినవారయ్యారు.

1993 చీలిక

1980ల చివర టెలివిజన్ ప్రసారాలు తగ్గి ఆదాయం పడిపోయింది. అగ్రశ్రేణి ఆటగాళ్లు కొందరు విడిపోయి వేరే సంస్థ పెట్టుకున్నారు. అదే తరువాత ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్ (పీడీసీ) అయింది. 1993లో బీడీఓ వీరిని తన నియంత్రణలోని పోటీలన్నిటి నుంచి నిషేధించింది. ఆ నిషేధం కౌంటీ జట్లకూ వర్తించింది. ప్రపంచ విజేతలుగా ఉన్నవారు తమ సొంత కౌంటీకి ఆడలేని స్థితి ఏర్పడింది. న్యాయస్థానానికి ఎక్కిన ఈ వివాదం 1997లో రాజీ ఉత్తర్వుతో ముగిసింది, ఆటగాళ్లకు తమ పోటీలను ఎంచుకునే స్వేచ్ఛ గుర్తింపు పొందింది. కౌంటీ డార్ట్స్ చరిత్రలో ఇది అత్యంత కఠినమైన ఘట్టం. సంస్థల పోరులో ప్రాంతీయ ఆటను ఆయుధంగా వాడటం ఎవరికీ లాభించలేదు.

2020 తరువాత

ఆర్థిక ఇబ్బందులతో బీడీఓ 2020లో మూతపడింది. కౌంటీల పోటీని నడిపే బాధ్యతను ఆ ఏడాదే ఏర్పడిన యునైటెడ్ కింగ్‌డమ్ డార్ట్స్ అసోసియేషన్ తీసుకుంది. బీడీఓ ప్రపంచ చాంపియన్‌షిప్ స్థానంలో ప్రపంచ డార్ట్స్ సమాఖ్య (డబ్ల్యూడీఎఫ్) 2022లో ఫ్రిమ్లీ గ్రీన్‌లోని లేక్‌సైడ్ వేదికగా తన చాంపియన్‌షిప్‌ను ప్రారంభించింది.

బోర్డు, బాణాలు, కొలతలు

పోటీ బోర్డు సైసల్ నారను కుదించి చేస్తారు. బాణం గుచ్చుకుని తీశాక నారలు తిరిగి దగ్గరకు చేరి రంధ్రం పూడుతుంది. 1930ల్లో నోడోర్ సంస్థ ఇటువంటి బోర్డులను తయారు చేయడంతో ఎల్మ్ చెక్క బోర్డుల వాడకం తగ్గింది. బోర్డు మొత్తం వ్యాసం 451 మిల్లీమీటర్లు. అందులో పాయింట్లు వచ్చే భాగం 340 మిల్లీమీటర్లు. డబుల్ (అంకెకు రెండింతలు), ట్రెబుల్ వలయాల వెడల్పు ఒక్కొక్కటి 8 మిల్లీమీటర్లు. నడిమధ్య ఉన్న బుల్ వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, దానికి 50 పాయింట్లు. దాని చుట్టూ ఉన్న వలయానికి 25.

నేల నుంచి బుల్ మధ్యబిందువు ఎత్తు 1.73 మీటర్లు. ఆటగాడు నిలబడే గీతను ఆకీ అంటారు. బోర్డు ముఖం నుంచి దాని దూరం 2.37 మీటర్లు. గతంలో 8 అడుగులు, 7 అడుగుల 6 అంగుళాలు వంటి వేర్వేరు దూరాలు వాడుకలో ఉండేవి. ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ పోటీ 8 అడుగుల దూరానికే కట్టుబడి ఉండేది. డబ్ల్యూడీఎఫ్ 7 అడుగుల 9¼ అంగుళాలను, అంటే ఇప్పటి 2.37 మీటర్లను, ప్రమాణంగా నిర్ణయించింది. బుల్ మధ్య నుంచి ఆకీ గీతకు ఏటవాలు కొలత 2.93 మీటర్లు. గీత సరిగా పడిందో లేదో నిర్వాహకులు సరిచూసేది ఈ కొలతతోనే. ఈ కొలతలు పురుషులకూ మహిళలకూ ఒకటే. బోర్డు ఎత్తులో గాని, దూరంలో గాని, బాణం బరువులో గాని తేడా లేదు.

బాణానికి మొన, చేత్తో పట్టుకునే బ్యారెల్, షాఫ్ట్, ఫ్లైట్ అనే నాలుగు భాగాలు ఉంటాయి. నిబంధనల ప్రకారం బరువు 50 గ్రాములు మించకూడదు. ఆటగాళ్లు ఎక్కువగా వాడేది 20–25 గ్రాముల బాణాలు. 1970ల్లో ఇత్తడి బదులు టంగ్‌స్టన్ మిశ్రమం రావడంతో బ్యారెల్ సన్నబడింది. ట్రెబుల్ 20 గడి దాదాపు 32 మిల్లీమీటర్ల పొడవు, 8 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. మూడు లావు బ్యారెళ్లు అందులో ఇరుక్కోవడం కష్టం. సన్నని బాణాలతో స్కోర్లు పెరగడానికి కారణం ఇదే.

అంకెల అమరిక

బోర్డు పైన 20 నుంచి కుడివైపుగా 1, 18, 4, 13, 6, 10, 15, 2, 17, 3, 19, 7, 16, 8, 11, 14, 9, 12, 5 వస్తాయి. పెద్ద అంకెకు ఇరువైపులా చిన్న అంకెలు ఉంచడం ఈ అమరికలోని సూత్రం. 20 కోసం గురిపెట్టి కొద్దిగా తప్పితే 1 లేదా 5 దక్కుతుంది. మూడు బాణాలూ 20, 5, 1లలో ఒక్కోటి పడితే వచ్చే 26ను ఆటగాళ్లు ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్’ అంటారు. ఒకప్పుడు బసకూ ఉదయపు ఫలహారానికీ కలిపి తీసుకునే రెండు షిల్లింగుల ఆరు పెన్నీల ధరను బట్టి ఆ పేరు వచ్చింది. ఈ అమరికను 1896లో బ్రయన్ గామ్లిన్ రూపొందించాడని తరచు రాస్తారు గాని దానికి గట్టి ఆధారం లేదు.

ఆట విధానం

కౌంటీ మ్యాచ్‌లలో ఆడేది 501. ఇద్దరూ 501తో మొదలుపెట్టి, వంతుకు మూడేసి బాణాలు విసురుతూ వచ్చిన పాయింట్లను తీసేస్తూ పోతారు. చివరి బాణం డబుల్ వలయంలోగాని బుల్‌లోగాని పడి, మిగిలింది సరిగ్గా సున్నా కావాలి. సున్నా దాటిపోయినా, 1 మిగిలినా ఆ వంతు రద్దయి పాత స్కోరే నిలుస్తుంది. దీన్నే ‘బస్ట్’ అంటారు. ఇలా ముగిసే ఒక ఆట ఒక లెగ్. పురుషుల మ్యాచ్‌లో ఐదు లెగ్‌లకు గాను మూడు ముందుగా గెలిచినవారు విజేత. మహిళల మ్యాచ్‌లు చాలాకాలం అంతకంటే పొట్టిగా ఉండేవి.

వంతుకు గరిష్ఠ స్కోరు 180. మూడు బాణాలతో ముగించగల గరిష్ఠ మొత్తం 170: రెండు ట్రెబుల్ 20లు, ఒక బుల్. 169, 168, 166, 165, 163, 162, 159 మిగిలితే ఒకే వంతులో ముగించే దారి లేదు. అతి తక్కువగా తొమ్మిది బాణాల్లో 501 ముగించవచ్చు. 1984 అక్టోబరు 13న స్లౌలో జాన్ లోవ్ ఈ ఘనతను టెలివిజన్‌లో తొలిసారి సాధించాడు. అతను డర్బీషైర్‌కు చెందినవాడు.

స్కోరు దించడం కంటే ముగించడమే కష్టమైన పని. అందుకే అనుభవజ్ఞులు చివరికి 32 మిగిల్చుకోవాలని చూస్తారు. డబుల్ 16కు విసిరిన బాణం లోపలివైపు జారి సింగిల్ 16లో పడితే 16 మిగులుతుంది, దానికి డబుల్ 8 ఉంది. అక్కడా సింగిల్ పడితే డబుల్ 4, తరువాత డబుల్ 2, డబుల్ 1. బేసి సంఖ్య రాకుండా ఐదు అవకాశాలు దొరుకుతాయి. 40తో మొదలుపెడితే 20, 10 తరువాత 5 వచ్చి దారి తెగుతుంది. అప్పుడు బేసిని సరిచేయడానికి ఒక బాణం వృథా చేయాలి.

పోటీ నిర్వహణ

కౌంటీకి నాలుగు జట్లు ఉంటాయి: పురుషుల ‘ఎ’, ‘బి’ జట్లు పన్నెండేసి మందితో, మహిళల ‘ఎ’, ‘బి’ జట్లు ఆరేసి మందితో. వారాంతంలో రెండు కౌంటీలు తలపడతాయి. సాధారణంగా శనివారం ‘బి’ జట్లు, ఆదివారం ‘ఎ’ జట్లు ఆడతాయి. మొత్తం 36 మ్యాచ్‌లు. ఎక్కువ గెలిచిన కౌంటీదే ఆ వారాంతపు విజయం. 18–18తో సమం కావడానికీ వీలుంది. పురుషుల జట్లు వెనుకబడిన రోజున మహిళల పన్నెండు మ్యాచ్‌లే ఫలితాన్ని తిప్పేయవచ్చు. మహిళల జట్టును బలంగా ఉంచుకోవడం కౌంటీలకు మర్యాద కోసం చేసే పని కాదు, పట్టికలో స్థానానికి అవసరమైన పని.

కౌంటీలను విభాగాలుగా విడదీస్తారు. పైన ప్రీమియర్ విభాగం, దాని కింద క్రమంగా మిగిలినవి. సీజన్ ముగిసేసరికి పట్టికలో పైనున్న జట్లు పై విభాగానికి ఎక్కుతాయి, అడుగున ఉన్నవి కిందికి దిగుతాయి. జట్టులో చోటు దొరకాలంటే ముందు కౌంటీలోని సూపర్ లీగ్‌లో రాణించాలి. పబ్బు జట్టు, సూపర్ లీగ్, కౌంటీ ‘బి’, కౌంటీ ‘ఎ’, దేశం: ఇవీ మెట్లు.

వేదికలు ఎక్కువగా సోషల్ క్లబ్బులు, కార్మికుల క్లబ్బులు. స్కోరు ప్రకటించే కాలర్, లెక్క రాసే మార్కర్ ప్రతి మ్యాచ్‌కూ ఉంటారు. వీరు చాలావరకు స్వచ్ఛంద సేవకులు. ఆటగాళ్లకు జీతం ఉండదు. ప్రయాణం, బస ఖర్చులకు కౌంటీ సంఘాలు రాఫిల్ టికెట్లు అమ్మి, చందాలు పోగుచేసి, స్థానిక వ్యాపారుల సాయం తీసుకుంటాయి.

సగటు లెక్క

ఆటగాడి స్థాయిని కొలిచేది సగటు. లెగ్‌లో తీసిన పాయింట్లను విసిరిన బాణాల సంఖ్యతో భాగిస్తే ఒక బాణం సగటు వస్తుంది. 18 బాణాల్లో 501 ముగిస్తే సగటు 27.83. కౌంటీ పోటీల్లో సంప్రదాయంగా ఈ లెక్కే రాసేవారు. టెలివిజన్‌లో చూపేది మూడు బాణాల సగటు, అంటే దానికి మూడింతలు: 83.5. పాత కౌంటీ పట్టికలను ఇప్పటి గణాంకాలతో పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ప్రతి జట్టులో ఆ రోజు ఉత్తమ ఆటగాడినీ ఉత్తమ క్రీడాకారిణినీ ఎంపిక చేయడానికి సగటే ఆధారం. ఆటగాళ్లను దేశ జట్లకు పరిశీలించేటప్పుడు కూడా సీజన్ మొత్తం సగటు చూస్తారు.

మహిళల విభాగం

1937 డిసెంబరులో రాజు ఆరవ జార్జి, రాణి ఎలిజబెత్ స్లౌలోని ఒక సామాజిక కేంద్రాన్ని సందర్శించి మూడేసి బాణాలు విసిరారు. రాణికి 21, రాజుకు 19 వచ్చాయి. పత్రికలు దీన్ని విస్తృతంగా ప్రచురించడంతో మహిళలు డార్ట్స్ ఆడటానికి సామాజిక ఆమోదం పెరిగింది. యుద్ధకాలం తరువాత పబ్బుల్లో మహిళల లీగులు నిలదొక్కుకున్నాయి. 1970ల చివర, 1980ల మొదట మౌరీన్ ఫ్లవర్స్ మహిళల డార్ట్స్‌లో అగ్రగామి. డబ్ల్యూడీఎఫ్ ప్రపంచ కప్ పురుషులకు 1977లో మొదలైతే మహిళల పోటీలు 1983లో చేరాయి.

మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ 2001లో గాని రాలేదు. అంటే పురుషుల చాంపియన్‌షిప్ వచ్చిన 23 ఏళ్లకు. వారిక్‌షైర్‌లోని సౌథమ్‌కు చెందిన ట్రీనా గలివర్ తుది పోటీలో మాండీ సాలమన్స్‌ను 2–1 సెట్లతో ఓడించి తొలి విజేత అయింది. ఆ ఏడాది పురుషుల ఫైనల్ పదకొండు సెట్లకు, మహిళల ఫైనల్ మూడు సెట్లకు నిర్ణయించారు. గలివర్ 2016 వరకు మొత్తం పది టైటిళ్లు గెలిచింది. వేదిక మీద ఈ అసమానత ఉన్న కాలంలో కూడా కౌంటీ పట్టికలో ఆమె గెలుపు ఏ పురుషుడి గెలుపుకూ తక్కువ లెక్కకు రాలేదు.

2019 డిసెంబరు 17న బకింగ్‌హామ్‌షైర్‌లోని మిల్టన్ కీన్స్‌కు చెందిన ఫాలన్ షెరాక్ పీడీసీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో టెడ్ ఎవెట్స్‌ను 3–2తో ఓడించింది. ఆ పోటీలో ఒక మహిళ మ్యాచ్ గెలవడం అదే మొదటిసారి. తరువాతి రౌండులో మెన్సూర్ సుల్యోవిచ్‌ను 3–1తో ఓడించింది. డాంకాస్టర్‌కు చెందిన బో గ్రీవ్స్ 2022, 2023, 2024లలో వరుసగా డబ్ల్యూడీఎఫ్ మహిళల టైటిల్ గెలిచింది. 2025 అక్టోబరులో పీడీసీ ప్రపంచ యువ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో అప్పటి ప్రపంచ విజేత ల్యూక్ లిట్లర్‌ను 6–5తో ఓడించింది.

ఇతర ప్రాంతీయ పోటీలు

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ మధ్య జరిగే బ్రిటిష్ అంతర్జాతీయ పోటీలు కూడా పన్నెండు మంది పురుషులు, ఆరుగురు మహిళల పద్ధతినే అనుసరించాయి. ఖండాల స్థాయిలో డబ్ల్యూడీఎఫ్ 1978 నుంచి యూరప్ కప్‌ను నిర్వహిస్తోంది. తొలి పోటీ కోపెన్‌హాగన్‌లో జరిగింది. తొలుత పసిఫిక్ కప్ పేరుతో ఉన్న పోటీ ఆ తరువాత ఆసియా–పసిఫిక్ కప్ అయింది. వీటిలో సింగిల్స్, డబుల్స్, జట్టు విభాగాల ఫలితాలను కలిపి దేశాల స్థానం నిర్ణయిస్తారు. భారత జట్టు పీడీసీ నిర్వహించే ప్రపంచ డార్ట్స్ కప్‌లో పాల్గొంది. భారత ఆటగాడు నితిన్ కుమార్ 2018 డిసెంబరులో పీడీసీ ప్రపంచ చాంపియన్‌షిప్ వేదిక మీద ఆడాడు.

ప్రాధాన్యం

వృత్తి డార్ట్స్‌లో డబ్బు పెరిగిన కొద్దీ యువ ఆటగాళ్లు కౌంటీ మెట్లు ఎక్కకుండానే నేరుగా వ్యక్తిగత టూర్లకు వెళ్తున్నారు. కౌంటీ పోటీకి ఇది నిజమైన సవాలు. అయినా పగలు ఉద్యోగం చేసుకుంటూ వారాంతంలో ఆడే వేల మందికి ఉన్నత స్థాయి పోటీ అందుతున్నది కౌంటీ జట్ల ద్వారానే. అనుభవజ్ఞుల పక్కన నిలబడి జట్టు కోసం ఒత్తిడిలో డబుల్ వేయడం కొత్తవారు నేర్చుకునేదీ ఇక్కడే. మహిళలకు సంబంధించి దీని విలువ మరింత స్పష్టం. ప్రపంచ చాంపియన్‌షిప్ లేని కాలంలో వారికి క్రమం తప్పకుండా పోటీ దొరికిన వేదికల్లో కౌంటీ లీగ్ ముఖ్యమైనది. 2005లో స్పోర్ట్ ఇంగ్లండ్ డార్ట్స్‌ను అధికారికంగా క్రీడగా గుర్తించింది.